బోర్డు మీద ఎండ

తడిగుడ్డను పైనుంచి కిందికి ఒక్క పట్టీగా లాగి, దాని పక్కనే ఇంకో పట్టీ లాగుతూ సూర్యప్రభ బోర్డు తుడుస్తోంది. అడ్డంగా తుడిస్తే సుద్ద అంతటా పూసుకుంటుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. చెప్పిందెవరో మరిచిపోయింది, అలవాటు మాత్రం చేతిలో ఉండిపోయింది. తుడవడం అయ్యాక తడి ఆరేదాకా కిటికీ దగ్గర నిలబడింది. గోడ అవతలే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు. తెల్లవారకముందు వచ్చిన లారీలు సగం ఖాళీ అయి ఉన్నాయి. హమాలీలు బత్తాయి మూటలు వీపున వేసుకుని వంగి నడుస్తున్నారు. మాగిన పండ్ల వాసన, కుళ్లిన పండ్ల వాసన కలిసి తరగతి గదిలోకి వస్తున్నాయి. ఈ బడికి వచ్చిన మొదటి వారం ఆ వాసనకు తల తిరిగేది. ఇప్పుడు సెలవు రోజుల్లో ఇంట్లో ఉంటేనే ఏదో తక్కువైనట్టుంటుంది.

పొట్టి మనిషి. బోర్డు మీద పై వరస రాయాలంటే మునివేళ్ల మీద లేవాలి. అలా లేచి లేచి ఆమె కుడి భుజం ఎడమ భుజం కంటే ఎత్తుగా నిలిచిపోయింది. జాకెట్లు కుట్టే దర్జీ ప్రతిసారీ కొలత రెండుసార్లు తీస్తాడు. గొంతు మాత్రం మనిషికి మించినది. మూడో తరగతి గదిలో ఎక్కం చెబితే ఐదో తరగతి పిల్లలు కూడా వల్లించేవారు.

ఆమెది రేపల్లె దగ్గర పల్లె. పెళ్లయి భర్త విశ్వేశ్వరరావు వెంట ఈ ఊరు వచ్చింది. ఆయన ఉప్పల్‌లో ఫ్యాన్ల కంపెనీలో స్టోర్ కీపర్. ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చాక, సరూర్‌నగర్‌లో కొన్నాళ్లు, నాగోల్ ఇంకా పొలాలుగా ఉన్నప్పుడు అక్కడ కొన్నాళ్లు, ఆ తర్వాత ఇక్కడ. హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వంతు వచ్చినప్పుడు ఎక్కడో దూరంగా పోస్టింగు వేశారు. అప్పటికి భర్త మంచాన పడి ఉన్నాడు. వద్దని రాసిచ్చేసింది. ఆయన పోయాక మళ్లీ ఎవరూ అడగలేదు, ఆమే అడగలేదు. ఈ సెప్టెంబరు నెలాఖరుకు రిటైర్‌మెంట్.

పొద్దున్నే నాగోల్ నుంచి కూతురు ఫోన్ చేసింది. రోజూ చేస్తుంది, రోజూ అదే మాట.

"అమ్మా, షేర్ ఆటోలో నోరు తెరవకు. నీ మాట వినగానే ఆంధ్రావాళ్లని తెలిసిపోతుంది. దిగేచోటు రాగానే డబ్బులిచ్చి దిగిపో, అంతే."

"నన్నెవరేమంటారే? ఇన్నేళ్లనుంచి ఎవరన్నా ఒక్కమాటన్నారా?"

"అనలేదు. అనకముందే జాగ్రత్త అంటున్నా."

నిజంగానే ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అయినా కూతురి మాట చెవిలో ఉండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఆటో ఎక్కినప్పటినుంచీ పక్కవాళ్లు తెలంగాణ బంద్ గురించీ ధర్నాల గురించీ మాట్లాడుకుంటుంటే, తను చేతిసంచి వైపే చూస్తూ కూర్చుంది. కొత్తపేట రాగానే రూపాయి బిళ్లతో ఆటో రాడ్డు మీద టకటకా కొట్టి దిగిపోయింది.

"నమస్తే మేడమ్!"

తరగతి గది గుమ్మంలో యాదలక్ష్మి. రెండు చేతుల్లో రెండు సంచులు, చంకలో చుట్టిన చార్టు. డి.ఎడ్. చదువుతోంది. టీచింగ్ ప్రాక్టీసు కోసం ఈ బడికి, సూర్యప్రభ తరగతికి వేశారు. తల్లిదండ్రులు నల్లగొండ నుంచి బతకడానికి వచ్చి ఎల్.బి.నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. తండ్రి ట్రాలీ ఆటో నడుపుతాడు. ఇంటర్ అయ్యాక యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో నాలుగేళ్లు చీరలు విప్పి చూపించింది. విప్పిన చీర మళ్లీ అదే మడతలో పెట్టడం అక్కడే నేర్చుకుంది. చార్టు కూడా అంత పొందికగానే విప్పుతుంది.

"ఇవాళ ఏం పాఠమమ్మా?"

"పండ్ల బండి పాఠం మేడమ్. క్లాసును మూడు గ్రూపులు చేస్త. డిఫరెన్షియేటెడ్ ఇన్‌స్ట్రక్షన్ అని మా కాలేజీల చెప్పిన్రు."

ఆ మాట సూర్యప్రభకు ఎప్పుడూ సగమే నోరు తిరుగుతుంది. "అంటే ఎవరికి తగ్గది వాళ్లకనా?"

"ఔ మేడమ్. పాఠం ఒక్కటే, పని మూడు తీర్లు. బాగ చదివేటోళ్లు బండాయనకూ కొనేటోళ్లకూ నడిచే ముచ్చట రాయాలె. నడిమిటోళ్లు వాక్యాలు చెయ్యాలె. ఇంక అక్షరాలు రానోళ్లు బొమ్మకు పేరు జత చెయ్యాలె."

సూర్యప్రభ తలాడించింది గానీ మనసులో ఒప్పుకోలేదు. ఒక గదిలో మూడు తరగతులు ఎలా నడుస్తాయి? ఆమె చదువు చెప్పే తీరు ఒకటే. బోర్డు మీద రాయడం, గట్టిగా చదవడం, అందరిచేతా చదివించడం. ముందు వరసల్లోవాళ్లు అందుకునేవారు. వెనకవాళ్లు పెదవులు ఆడించేవారు. ప్రతి ఏడూ ముందు వరసలు కొన్ని, వెనక వరసలు కొన్ని. అందరూ పై తరగతికి పోయేవారు. వెనకవాళ్లను ఆమె ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. చదువు అబ్బని పిల్లలు అని మాత్రం అనుకునేది. అలా అనుకోవడంలో తప్పుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ప్రార్థన అయ్యింది. పిల్లలు కూర్చున్నారు. యాదలక్ష్మి బెంచీలు జరిపించి, పిల్లల్ని అటూ ఇటూ మార్చి, బోర్డును మూడు భాగాలు చేసి ఒక్కో గుంపు పని ఒక్కో భాగంలో రాసింది. ఎడమ భాగం మూడో గుంపుది. మామూలుగా అయితే ఈ వేళకు సూర్యప్రభ వరండాలో కుర్చీ వేసుకుని నోటుబుక్కులు దిద్దుకుంటుంది. ఇవాళ యాదలక్ష్మి దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"మేడమ్, ఒక్క మాట. నేనొక్కదాన్నే మూడు గ్రూపుల కాడికి ఉరుకుడైతది. మీరు జర గా వెనక గ్రూపు దగ్గర కూసుంటరా?"

"నేనా?"

"ఊకె కూసుంటె చాలు మేడమ్."

వెనక బెంచీ ఎత్తు ఆమె మోకాళ్లకు సరిపోలేదు. పక్కకు తిరిగి, చెక్క పట్టుకుని మెల్లగా కూర్చుంది. పిల్లలు కిసుక్కుమని, వెంటనే నోళ్లు మూసుకున్నారు. పక్కన అండాలు. తండ్రి మార్కెట్‌లో హమాలీ. నాయనమ్మ అండాలమ్మ పేరు పెట్టారు. బడిలో చేర్చినప్పుడు పేరు ఆండాళ్ అని దిద్ది రిజిస్టరులో రాసింది సూర్యప్రభే. రెండు జడలు, ఒకదానికే రిబ్బను. రెండో తరగతీ ఈ గదిలోనే, సూర్యప్రభ దగ్గరే చదివింది; రెండేళ్లుగా ఈ మూలే కూర్చుంటోంది. అడిగితే లేచి నిలబడుతుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. ఈ రెండేళ్లలో ఆ పిల్ల నోట ఒక్క మాట వచ్చిన గుర్తు లేదు.

సూర్యప్రభ తలెత్తి బోర్డు వైపు చూసింది.

ఎడమ భాగం లేదు. అక్కడ అక్షరాలుండాల్సిన చోట తెల్లటి వెలుగు ఒక పెద్ద రేకులా మెరుస్తోంది. కళ్లజోడు సరిచేసుకుంది. తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. తూర్పు కిటికీలోంచి వచ్చిన ఎండ ఏటవాలుగా బోర్డు మీద పడి నేరుగా ఈ మూలకు కొడుతోంది. రెండేళ్ల కింద ఎవరో దాతలు ముందుకొచ్చి బోర్డుకు నల్లటి ఆయిల్ పెయింటు వేయించారు. నిగనిగలాడుతోందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది. అప్పటినుంచి రోజూ ఆ బోర్డు ముందే నిలబడింది. ఇక్కడినుంచి ఒక్కసారీ చూడలేదు.

"అండాలూ, ఆ పక్కన రాసింది నీకు కనిపిస్తోందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి నాకు చెప్పలేదేం?"

అండాలు బెంచీ మీద వేలితో గీస్తూ, గొంతు పైకి రాకుండా అంది. "బోర్డు గట్లనే మెరుస్తదనుకున్న టీచర్."

సూర్యప్రభ ఇంకా ఆ మెరుపు వైపే చూస్తూ కూర్చుంది. చూస్తుండగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎండకేనని కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత యాదలక్ష్మిని పిలిచి, "ఈ పిల్లలకి బోర్డు వద్దమ్మా. కార్డులు ఇటివ్వు" అంది.

అట్టముక్కల మీద పండ్ల బొమ్మలు, విడిగా పండ్ల పేర్లు. పిల్లలు చేతులు చాపి లాక్కున్నారు. సూర్యప్రభ ఒక బొమ్మ ఎత్తి అండాలుకు చూపించింది.

"ఇదేం పండు?"

అండాలు ఆమె నోటి వైపు చూసింది. అటుగా వచ్చిన యాదలక్ష్మి బెంచీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"అండాలూ, మీ నాయిన మూటలల్ల ఏమేం మోస్తడు బిడ్డా?"

"మోసంబి... దానిమ్మ... జాంపండ్లు..." కాస్త ఆగి, బొమ్మ మీద వేలు పెట్టింది. "సంత్ర."

సంత్ర కాదు, నారింజ అనాలి. ఆ మాట సూర్యప్రభ నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్ని వందల సార్లు అన్నదో ఆ మాట. ఎర్ర సిరాతో ఎన్ని పుస్తకాల్లో కొట్టేసి పైన రాసిందో. ఈసారి ఎందుకో పెదవుల దగ్గరే ఆపింది. ఈలోపు యాదలక్ష్మి జేబురుమాలంత ఖాళీ అట్టముక్క తీసి 'సంత్ర' అని రాసి, 'నారింజ' అన్న ముక్క పక్కన పెట్టింది.

"రెండూ గా పండే బిడ్డా. ఇంట్ల సంత్ర, పుస్తకంల నారింజ. ఇప్పుడు నువ్వు చెప్పిన మాట చదువు."

అండాలు ముక్క మీదికి వంగింది. "సం..." అని ఆగింది. కాసేపటికి "సంత్ర" అంది. ఒత్తుల పాఠం ఆ గుంపుకు ఇంకా ఎవరూ చెప్పలేదు. మాట తెలుసు కాబట్టి అక్షరం దొరికింది. ఇది చదవడం కాదు, తెలిసిన మాట అనడమే అని సూర్యప్రభ అనుకుంటుండగా, పిల్ల పాఠం పుస్తకం తెరిచి పేజీలో వెతకడం మొదలుపెట్టింది. వేలు వరస వెంట పాకుతూ పోయి 'పాత్ర' అన్న మాట దగ్గర ఆగింది.

"టీచర్, గిది గీడ గూడ ఉన్నది."

చూపించింది త్ర అక్షరం.

సూర్యప్రభ ఆ వేలి వైపూ, ఆ అక్షరం వైపూ చూసింది. తర్వాత తనకే తెలియకుండా నోట్లోంచి మాట వచ్చేసింది. "మా ఊళ్లో దీన్ని కమలాపండు అంటామే."

అండాలు మొట్టమొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "కమల మా మేనత్త పేరు టీచర్!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సూర్యప్రభ కూడా నవ్వింది. యాదలక్ష్మి మరో ముక్క మీద కమల అని రాసి ఆ రెంటి పక్కన పెట్టింది. పీరియడ్ అయిపోయిందని గంట కొట్టినా ఆ మూల పిల్లలు లేవలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మహిపాల్ వచ్చాడు. ఐదో తరగతి చెప్తాడు, యూనియన్ పనులూ చూస్తాడు. చేతిలో కాగితం మడతపెట్టి పట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, రేపటి సంది సమ్మె. టీచర్లందరం. బడులన్నీ బంద్."

"విన్నానయ్యా."

"నెలాఖరుకు మీ రిటైర్‌మెంట్ ఉండె. మీరు లీవు పెట్టుకున్నా ఎవరేమనరు. సంతకం సంగతి... మీ ఇష్టం మేడమ్. నేను బలవంతపెట్ట."

ఆ తడబాటు ఆమెకు అర్థమైంది. ఈ కుర్రాడికి మొదటి జీతం రోజున చెవిపోటొస్తే దవాఖానకు తీసుకెళ్లింది ఆమే. ఆమె ముందు ఎప్పుడూ ఇంత ఆచితూచి మాట్లాడలేదు.

"మిగతావాళ్లంతా పెట్టారా?"

"పెట్టిన్రు."

"అయితే నేనొక్కదాన్ని విడిగా ఎందుకుండాలి? ఇలా ఇవ్వు."

పిల్లల బెంచీ మీద కాగితం పరిచి సంతకం చేసింది. తెలంగాణ వస్తుందో రాదో, వస్తే తనలాంటివాళ్ల సంగతేమిటో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. తన పక్కగదిలో పాఠాలు చెప్పేవాళ్లు బయట నిలబడితే తను లోపల కూర్చోలేనని మాత్రం తెలుసు.

"సమ్మె ఎన్ని రోజులైతదో తెల్వదు మేడమ్. అయినంక మీకు మంచిగ సన్మానం చేస్తం" అంటూ మహిపాల్ కాగితం మడిచాడు. అతను వెళ్లాక ఆమె కుళాయి దగ్గర టిఫిన్ గిన్నె కడుగుతూ, ఉన్నట్టుండి నీళ్లు కట్టేయడం మరిచి అలాగే నిలబడిపోయింది. సమ్మె నెలాఖరు దాటితే, ఈ మధ్యాహ్నం చెప్పేదే చివరి పాఠం. అలాంటి రోజు వస్తే ఏదో పెద్దగా తెలుస్తుందనుకునేది. గిన్నె అడుగున అంటుకున్న పప్పు గీకి కడిగి, తలుపు మూలన బోర్లించింది.

ఎక్కాలు చెప్పింది. ఎప్పటిలా బోర్డంతా నింపలేదు. ఒక్క వరస రాయడం, గది వెనక్కి నడిచి చూడడం, మళ్లీ ముందుకు వచ్చి రాయడం. మధ్యాహ్నం ఎండ అటు తిరిగింది కాబట్టి ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి. అయినా నడుస్తూనే ఉంది. మోకాళ్లు నొప్పెట్టాయి. సాయంత్రం గంట కొట్టగానే రేపు బడి లేదన్న కేకలతో పిల్లలు సంచులు ఎగరేసుకుంటూ పరుగెత్తారు.

యాదలక్ష్మి కార్డులు ఏరుతోంది.

"ప్రాక్టీసు మల్ల సమ్మె అయినంకనే మేడమ్. అప్పుడు మీకు సెకండ్ గ్రూపు ఇస్త" అని నవ్వింది.

"అప్పటికి నేను ఉండనమ్మా."

యాదలక్ష్మి చేతిలో కార్డులు అలాగే ఉండిపోయాయి. తేదీలు లెక్కపెట్టుకుని, "గంతేనా మేడమ్?" అంది.

"అంతే. ఆ కార్డులు బీరువాలో పెట్టి తాళం వెయ్యకు. పిల్లలకి అందే చోట పెట్టు."

ఇంటికి పోయే ఆటోలో జనం లేరు. కూతురు చెప్పింది ఆమెకు గుర్తే రాలేదు. "బాబూ, కొంచెం తొందరగా పోనియ్యవా? మళ్లీ తిరిగి రావాలి" అంది. డ్రైవరు అద్దంలో చూసి, "పోదాం తియ్యమ్మా" అని గేరు మార్చాడు.

ఇంట్లో పెట్టె తెరిచి చీరలు పైకీ కిందికీ చేసింది. ముదురు నీలం నూలు చీర ఒకటి, ఉతికి ఉతికి మెత్తబడింది, బయటికి కట్టడం మానేసి చాలా రోజులైంది. మిషను ముందు కూర్చుని సగానికి కత్తిరించి, పైన తాడు పట్టేంత మడత పెట్టి కుట్టింది. పొద్దు వాలుతుండగా మళ్లీ బడికి చేరింది.

గేటు దగ్గర మహిపాల్, మరో ఇద్దరు గుడ్డ బ్యానరు కడుతున్నారు. ఆమెను చూసి అతను నిచ్చెన దిగాడు.

"మేడమ్, మల్లొచ్చిన్రేంది? రేపు సమ్మె!"

"సమ్మె పాఠం చెప్పడానికి కదయ్యా. పరదా కట్టడానికి కాదుగా. నీ దగ్గర మేకులున్నాయా?"

మహిపాల్ జేబులోంచి నాలుగు మేకులు తీసిచ్చాడు. సుత్తి కూడా ఇచ్చాడు. ఆయా శివమ్మ తాళంచెవుల గుత్తి ఊపుకుంటూ వెంట వచ్చింది.

"బడే బంద్ అంటుంటె ఇప్పుడు పరదాలెందుకమ్మా?"

"పొద్దున ఎండ బోర్డు మీద పడుతోంది శివమ్మా. ఆ మూల పిల్లలకి ఏమీ కనిపించట్లేదు."

"నేను రోజు ఊడుస్త గద ఆ మూలకు. నాకు గూడ తెల్వదాయె" అని శివమ్మ బెంచీ లాక్కొచ్చి ఎక్కింది. మేకులు కొట్టింది. తాడు బిగించింది. నీలం గుడ్డ కిటికీ నిండా దిగింది. సాయంత్రం కాబట్టి అది పనిచేస్తుందో లేదో చూడడానికి వీల్లేదు. సూర్యప్రభ వెనక బెంచీ దాకా వెళ్లి, కూర్చుని, బోర్డు వైపు చూసింది. ఎండ ఎటునుంచి వస్తుందో చేత్తో గాలిలో గీత గీసి చూసుకుంది. లేచి వెళ్లి, పరదా అంచు మరో జానెడు పక్కకు జరిపి కట్టమంది.

శివమ్మ తాళం వేస్తుంటే వరండాలో నిలబడి చెప్పులు వేసుకుంది. "పోయొస్తా" అంది, రోజూ అన్నట్టే. శివమ్మ, "మంచిదమ్మా" అంది, రోజూ అన్నట్టే.

సమ్మె దసరా దాటి సాగింది. ఈ మధ్యలో నెలాఖరు వచ్చింది, పోయింది. సూర్యప్రభ దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు ఖాళీ చేసి నాగోల్‌లో కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. పెన్షన్ కాగితాల మీద సంతకాలకు ఒకసారి ఆఫీసుకు వచ్చి, అటునుంచి అటే పోయింది. సన్మానం మాట ఆ హడావుడిలో ఎవరికీ గుర్తు రాలేదు.

బడి తెరిచిన రోజు యాదలక్ష్మి ముందుగా వచ్చి బోర్డు తుడిచింది. పిల్లలు ఒకరొకరుగా వచ్చారు. అండాలు తన మూలకే పోయి కూర్చుంది. యాదలక్ష్మి బోర్డు ఎడమ భాగంలో ఒక మాట రాసి వెనక్కి తిరిగింది.

"కనబడుతున్నదా?"

"కనబడుతున్నది టీచర్" అని, అడగకుండానే ఆ మాట కూడా చదివింది అండాలు. తర్వాత గది అంతా చూసి, "పెద్ద టీచరేది?" అంది.

యాదలక్ష్మి కిటికీ వైపు చూస్తోంది. చీరల దుకాణంలో పనిచేసిన మనిషి కాబట్టి దూరంనుంచే పోల్చుకుంది, అది కొంగు వైపు సగం. మార్కెట్టు మీదుగా వచ్చిన ఎండ నీలం గుడ్డ వెనకే ఆగిపోయింది. గాలికి మెల్లగా కదులుతున్న కొంగు చివర, ఎన్నో ఏళ్లు సుద్ద వేళ్లు తుడుచుకున్న చోట, ఎంత ఉతికినా పోని తెల్లదనం మసకమసకగా కనిపిస్తోంది.